పందెం లేని మంగళవారం

మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే సెలవుకు ముందు రోజు, ఆదివారం సాయంత్రం, అమెరికాలోని ఉత్తర కరోలైనా రాష్ట్రపు షార్లెట్ చుట్టుపక్కల ఉండేవారెవరూ ఐ-85 రహదారి మీద 49వ ఎగ్జిట్ వైపు కావాలని పని పెట్టుకుని వెళ్ళరు. ఆ ఎగ్జిట్ దిగితే వచ్చే బ్రూటన్ స్మిత్ బులివార్డ్ మీద ఆ రోజు కార్లు చీమల బారులా కదులుతాయి. ఆ దారిలోనే ఉన్న షార్లెట్ మోటార్ స్పీడ్‌వేలో కార్ల పందాలు నడిపే నాస్కార్ అనే సంస్థ వారి 600 మైళ్ళ పందెం జరుగుతుంది. హోటళ్ళన్నీ నిండిపోతాయి, గదుల అద్దెలు అమాంతం పెరుగుతాయి, స్థానిక టీవీలో యాంకర్లు ఈ పందెం వల్ల ఊరికి ఎన్ని కోట్ల డాలర్ల రాబడి వస్తుందో చెబుతూ ఉంటారు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో మోటార్ రేసింగ్ వల్ల ఈ ప్రాంతానికి కలిగే లాభమంటే అదేననుకున్నాను. మా వీధిలో ఉండే ఒక పెద్దాయన పుణ్యమా అని ఆ అభిప్రాయం మారింది. ఆయన చాలా ఏళ్ళు ఒక రేసింగ్ టీమ్‌లో రేకు పని చేశారు, అంటే కారు బాడీని చేత్తో, సుత్తితో, ఇంగ్లిష్ వీల్ అనే యంత్రంతో మలిచే పని. ఊరికి రేసింగ్ ఏమిస్తుందో చూడాలంటే పందెం ఆదివారం కాదు, దాని తర్వాత వచ్చే మంగళవారం చూడాలన్నది ఆయన మాటల సారాంశం. సోమవారం సెలవు కాబట్టి, మంగళవారమే మొదటి పని రోజు.

ఆ మంగళవారం సంగతి చెప్పేముందు కొంత చరిత్ర తెలియాలి. 1949 జూన్ 19న షార్లెట్‌లో ముప్పాతిక మైలు మట్టి ట్రాక్ మీద నాస్కార్ తన 'స్ట్రిక్ట్‌లీ స్టాక్' శ్రేణిలో మొదటి పందెం నిర్వహించింది. నాస్కార్ పందాల్లో అగ్రశ్రేణి అయిన ఈనాటి కప్ సిరీస్‌కు మూలం అదే. షోరూమ్‌లో అమ్మే కారును అమ్మినట్టే నడపాలన్నది నియమం. గ్లెన్ డనవే అనే డ్రైవర్ ఒక ఫోర్డ్ కారులో అందరికన్నా ముందు గీత దాటాడు. తనిఖీలో ఆ కారు వెనుక స్ప్రింగులను మార్చినట్టు తేలడంతో అతన్ని అనర్హుడిగా ప్రకటించి, కాన్సస్ నుంచి వచ్చిన జిమ్ రోపర్‌కు గెలుపు కట్టబెట్టారు. ఆ స్ప్రింగుల మార్పు నాటుసారా రవాణా చేసేవారి పాత కిటుకు. డిక్కీ నిండా సారా ఉన్నా వెనుక భాగం కుంగకుండా, పోలీసులకు అనుమానం రాకుండా, మలుపుల్లో కారు అదుపు తప్పకుండా అది కాపాడుతుంది. కారు యజమాని కోర్టుకెక్కి ఓడిపోయాడు. ఈ కథను చాలామంది సరదా కోసం చెప్పుకుంటారు గానీ, నాకు అందులో కనిపించేది ఈ ప్రాంతపు అసలు పెట్టుబడి. ఉత్తర కరోలైనాలోని పీడ్‌మాంట్ కొండల్లో కారు విప్పి, దాని కన్నా మెరుగ్గా తిరిగి బిగించగలిగిన చేతులు ఏ ట్రాకూ కట్టకముందే ఉన్నాయి.

అవి ఒక్క సారా బళ్ళ దగ్గరే తయారైన చేతులు కావు. షార్లెట్ చుట్టూ ఉన్న ఊళ్ళు బట్టల మిల్లుల ఊళ్ళు. మగ్గాలు చెడిపోతే బాగుచేసేవారు, లేత్ మీద విడిభాగాలు తిప్పేవారు, వెల్డర్లు, ఫిట్టర్లు ఆ మిల్లుల చుట్టూ పెరిగారు. కానన్ మిల్స్ ఊరైన కనాపొలిస్‌లో ర్యాల్ఫ్ ఎర్న్‌హార్ట్ మిల్లు పని వదిలేసి పందాల మీద బతకడం మొదలుపెట్టాడు; 1951లో పుట్టిన ఆయన కొడుకు డేల్ ఎర్న్‌హార్ట్ తర్వాత ఏడు ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు. ఆ మిల్లు చివరికి పిలోటెక్స్ అనే పేరు మీద ఉండగా 2003 జులైలో మూతపడింది. ఒక్కరోజులో నాలుగు వేలకు పైగా ఉద్యోగాలు పోయాయి. ఆ సమయానికే పక్క ఊళ్ళలో రేస్ షాపులు, అంటే టీమ్‌లు తమ కార్లు తయారుచేసుకునే కర్మాగారాలు, వందలాది మందికి పని ఇస్తున్నాయి. మిల్లులో పోయిన ఉద్యోగాలన్నిటినీ అవి భర్తీ చేశాయని చెప్పడం అబద్ధమవుతుంది. అంత సంఖ్యలో ఉద్యోగాలు రేసింగ్‌లో ఎన్నడూ లేవు. అయితే యంత్రం తెలిసిన మనిషికి ఆ ప్రాంతం విడిచిపెట్టకుండా బతికే మార్గం ఒకటి మిగిలింది.

పనివాళ్ళు ఉన్నంత మాత్రాన పరిశ్రమ ఏర్పడదు కదా, వారిని ఒకచోట చేర్చే సంస్థ కావాలి. షార్లెట్‌కు అలాంటి సంస్థ హోల్మన్-మూడీ రూపంలో దొరికింది. 1950ల చివర విమానాశ్రయం పక్కన షెడ్లలో మొదలై, ఫోర్డ్ కంపెనీకి పందెం కార్లు తయారుచేసి పెట్టిన ఆ కార్ఖానా ఒక రకంగా రేసింగ్ పాలిటెక్నిక్‌లా పనిచేసింది. 1970లో ఫోర్డ్ రేసింగ్ నుంచి చేతులు దులుపుకున్నాక అక్కడ పని నేర్చుకున్నవారు చెల్లాచెదురయ్యారు గానీ, ఎక్కువ దూరం పోలేదు. మరుసటి ఏడాదే, టీవీలో సిగరెట్ ప్రకటనలు నిషేధించిన తరుణంలో, ఇదే రాష్ట్రంలోని విన్‌స్టన్-సేలంలో ఉన్న ఆర్.జె. రేనాల్డ్స్ పొగాకు కంపెనీ తన ప్రకటనల డబ్బును నాస్కార్ వైపు మళ్ళించింది. 2003 వరకు ఆ సిరీస్ పేరు, ఆ కంపెనీ సిగరెట్ పేరు మీద, విన్‌స్టన్ కప్. సారా, మిల్లు, పొగాకు కలిసి పోషించిన ఆటను ఇప్పుడు కుటుంబ వినోదంగా అమ్ముతున్నారు. దానికి నాకేమీ అభ్యంతరం లేదు.

నాస్కార్ ప్రధాన కార్యాలయం ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో ఉండగా టీమ్‌లు మాత్రం షార్లెట్ చుట్టూ ఎందుకు గుమిగూడాయన్న ప్రశ్నకు జవాబు చాలావరకు రోడ్డు మ్యాపులోనే ఉంది. డార్లింగ్టన్, రాకింగ్‌హామ్, మార్టిన్స్‌విల్, నార్త్ విల్క్స్‌బరో, హికరీ వంటి తొలినాళ్ళ ట్రాకులన్నీ ఇక్కడి నుంచి కొన్ని గంటల ప్రయాణంలో చేరగలిగేవి. ట్రక్కు వెనుక కారు కట్టుకుని వెళ్ళి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలనుకునేవాడికి షార్లెట్ నడిబొడ్డు. తర్వాత ట్రాకులు దేశమంతా విస్తరించినా టీమ్‌లు కదలలేదు. ఇంజిన్ కట్టేవాడు, గేర్లు కోసేవాడు, అలసిపోయిన టీమ్ నుంచి లాక్కురాగల మెకానిక్కు అందరూ ఇక్కడే ఉన్నప్పుడు ఎవరు ఎక్కడికి కదులుతారు? 1984లో మొదలైన హెండ్రిక్ మోటార్‌స్పోర్ట్స్ ప్రాంగణం కాంకర్డ్‌లో స్పీడ్‌వేకు కూతవేటు దూరంలో ఉంది. జో గిబ్స్ రేసింగ్ హంటర్స్‌విల్‌లో ఉంది. పెన్‌స్కే టీమ్ పెన్సిల్వేనియాలోని తన ఇండీకార్ (చక్రాలు బయటికి కనిపించే మరో రకం పందెం కార్లు) విభాగాన్ని కూడా తెచ్చి మూర్స్‌విల్‌లో పెట్టింది. ఆ చిన్న ఊరు తనను 'రేస్ సిటీ యుఎస్ఏ' అని పిలుచుకుంటుంది. బయటి నుంచి చూస్తే ఆ భవనాలు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లా ఉంటాయి. అద్దాల గోడలు, కత్తిరించిన పచ్చిక. వెనక్కి వెళితే గానీ వరుసగా నిలిపిన భారీ ట్రక్కులు కనిపించవు.

ఇప్పుడు ఆ మంగళవారం. నాస్కార్ కప్ సిరీస్‌లో ఏడాదికి ఛాంపియన్‌షిప్ పాయింట్లు ఉండే పందాలు 36. వాటిలో షార్లెట్‌లో జరిగేవి రెండే. మిగిలినవన్నీ ఫీనిక్స్‌లో, టాలడేగాలో, లాస్ వేగాస్‌లో, ఇంకెక్కడెక్కడో. పందెం ముగిసిన రాత్రే టీమ్ సభ్యులు కాంకర్డ్, స్టేట్స్‌విల్ విమానాశ్రయాలకు విమానాల్లో తిరిగివస్తారు. ట్రక్కులో వచ్చిన కారును విప్పుతారు, తనిఖీ చేస్తారు, కొలతలు తీస్తారు, వచ్చే వారం ట్రాకుకు తగ్గట్టు మళ్ళీ బిగిస్తారు. భవనం వెనుక పెరట్లో టైర్లు మార్చే సిబ్బంది, వారిలో చాలామంది కాలేజీ ఫుట్‌బాల్ ఆడి వచ్చినవారు, పదే పదే సాధన చేస్తుంటారు. ఆర్థికవేత్తల భాషలో దీన్ని ఎగుమతి అనాలి. స్పాన్సర్ ఎక్కడో ఒహాయోలోనో టెక్సస్‌లోనో ఉంటాడు, చూసేవాడు దేశమంతటా ఉంటాడు, ఆట మరో రాష్ట్రంలో జరుగుతుంది, జీతం మాత్రం మూర్స్‌విల్‌లో ఖర్చవుతుంది. నేత బట్టను బయటి ఊళ్ళకు అమ్మి డబ్బు తెచ్చిన ప్రాంతమే, ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలను అమ్మి డబ్బు తెస్తోంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, పందెం రోజు వచ్చే రాబడి లెక్కల్లో ఒక పాత లొసుగు ఉంటుంది. టికెట్టు కొన్న స్థానికుడు ఆ డబ్బు ఖర్చు చేయకపోతే ఇంకో చోట, సినిమాకో హోటల్ భోజనానికో, ఈ ఊళ్ళోనే ఖర్చు చేసేవాడు. అది కొత్త డబ్బు కాదు, జేబు మారిన డబ్బు. బయటి నుంచి వచ్చినవాడి ఖర్చు కొత్తదే అయినా, దేశవ్యాప్త గొలుసు హోటల్‌కు అతను ఇచ్చిన అద్దెలో ఎక్కువ భాగం ఊళ్ళో నిలవదు. వారానికి ఐదు రోజులు, ఏడాదికి పదకొండు నెలలు నడిచే షాపులో ఒక మెషినిస్టు జీతం అలా కాదు. అది ఇంటి అప్పుకు, పిల్లల చదువుకు, కౌంటీకి కట్టే ఆస్తి పన్నుకు పోతుంది. ప్రభుత్వాలు మాత్రం కెమెరాలకు చిక్కేదాని వైపే మొగ్గు చూపుతాయి. దానికి ఈ ప్రాంతంలోనే రెండు మంచి ఉదాహరణలున్నాయి.

మొదటిది 2007 నాటిది. స్పీడ్‌వే యజమాని బ్రూటన్ స్మిత్ ప్రాంగణంలో డ్రాగ్ స్ట్రిప్, అంటే కార్లు తిన్నగా దూసుకుపోయే పొట్టి పందెం దారి, కడతానన్నాడు, మోత భరించలేమని చుట్టుపక్కల ఇళ్ళవారు మొత్తుకున్నారు, కాంకర్డ్ కౌన్సిల్ అడ్డుచెప్పింది. అంతే, స్పీడ్‌వేనే మూసేసి ఇంకో చోట కడతానని ఆయన బెదిరించాడు. 1960లో కర్టిస్ టర్నర్‌తో కలిసి ఆ స్పీడ్‌వేను కట్టిన మనిషి ఆయన. భూమిలో ఊహించని గ్రానైట్ తగిలి ఖర్చు తడిసిమోపెడై, కట్టిన ట్రాకే చేజారిపోతే, 1970లలో తిరిగి వచ్చి దాన్ని చేజిక్కించుకున్నాడు. అలాంటివాడు బెదిరిస్తే ఉత్తుత్తిదని కొట్టిపారేయడం కష్టం. నగరం, కౌంటీ కలిసి దాదాపు 8 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాల ప్యాకేజీ ముందుపెట్టాయి, రోడ్డుకు ఆయన పేరు పెట్టాయి. డ్రాగ్ స్ట్రిప్ 2008లో తెరుచుకుంది. తర్వాత ఆ డబ్బు కొద్ది ఏళ్ళలో రావాలా, దశాబ్దాల పాటు కొంచెం కొంచెంగా రావాలా అన్న దగ్గర తగువు పడి, స్పీడ్‌వే కౌంటీ మీద దావా వేసి నెగ్గలేకపోయింది. నేను వారానికోసారి కూరగాయల కోసం ఆ పేరున్న రోడ్డు మీదుగానే వెళ్తాను, ప్రతిసారీ ఈ బేరం గుర్తొస్తుంది. ట్రాకు ఒక్కటే, దాని యజమాని ఒక్కడే. కాబట్టి అతను గట్టిగా అడగగలిగాడు. వందలాది చిన్న షాపుల యజమానులు కౌన్సిల్ ముందు వరుసగా నిలబడి పేరు పెట్టమని అడగలేరు.

రెండోది షార్లెట్ నడిబొడ్డున ఉన్న నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్. అట్లాంటా, డేటోనా బీచ్, కాన్సస్ సిటీ, రిచ్‌మండ్‌లతో పోటీపడి 2006లో షార్లెట్ దాన్ని దక్కించుకుంది. హోటల్ గదుల మీద రెండు శాతం అదనపు పన్ను వేసి, దాదాపు 19.5 కోట్ల డాలర్లతో కట్టి, 2010 మే నెలలో తెరిచారు. ఏడాదికి ఎనిమిది లక్షల మంది వస్తారని మొదట్లో అంచనా వేసుకున్నారు. మొదటి ఏడాది వచ్చినవారు మూడు లక్షలు కూడా లేరు. భవనం అందంగా ఉంది, పిల్లలకు నచ్చుతుంది, బంధువులు వస్తే నేనూ తీసుకెళ్ళాను. అయినా అది రేసింగ్ పరిశ్రమ కాదు, రేసింగ్ పరిశ్రమకు కట్టిన మ్యూజియం. ఆ రెండింటినీ ఒకే ఖాతాలో రాసుకోవడమే ఇబ్బంది.

నార్త్ విల్క్స్‌బరో విషయంలో నేను అంత కటువుగా మాట్లాడలేను. 1996 తర్వాత కప్ పందాలు లేక తుప్పుపట్టిన ఆ ట్రాకుకు, కోవిడ్ సహాయ నిధుల నుంచి 2021లో రాష్ట్రం 1.8 కోట్ల డాలర్లు కేటాయించింది. 2023 మే నెలలో నాస్కార్ ఆల్-స్టార్ పందెం అక్కడ జరిగింది. నాలుగు వేల మంది ఉండే ఊరికి ఒక్క వారాంతం కూడా ఒక ఏడాది ఆశకు సరిపడా ఉంటుంది. షార్లెట్‌కు వర్తించే లెక్క అక్కడ వర్తించదు.

పరిశ్రమకు అసలు గండాలు మాత్రం వేరే వైపు నుంచి వచ్చాయి. 2008-09 మాంద్యంలో కార్ల కంపెనీలే దివాలా తీస్తుంటే స్పాన్సర్లు వెనక్కి తగ్గారు. డేల్ ఎర్న్‌హార్ట్ ఇంక్ గానాసీ టీమ్‌లో కలిసింది, పెటీ కుటుంబపు టీమ్ మరొకదానిలో కలిసిపోయింది, వందలాది మంది రోడ్డున పడ్డారు. ఖర్చు తగ్గించేందుకు నాస్కార్ ట్రాకుల మీద పరీక్షలు ఆపేసింది. దాంతో పరీక్షలకే ఉన్న సిబ్బందికి పని లేకుండా పోయింది. విచిత్రంగా అదే సమయంలో, 2008లో, కాంకర్డ్‌లో విండ్‌షియర్ అనే విండ్ టన్నెల్ మొదలైంది. పూర్తి సైజు కారును గంటకు 180 మైళ్ళ గాలిలో, కింద అదే వేగంతో పరిగెత్తే ఉక్కు పట్టీ మీద నిలబెట్టి పరీక్షించే ఏర్పాటు అది. ట్రాకు మీద పరుగెత్తనివ్వకపోతే గాలి సొరంగంలో పరుగెత్తించారు. దాన్ని గంటల లెక్కన అద్దెకు తీసుకునేవారిలో ఇతర రకాల రేసింగ్ టీమ్‌లు, మామూలు కార్ల కంపెనీలు కూడా ఉన్నాయి. ఇలాంటి సదుపాయాలు నాస్కార్ ఒక్కదాని మీదే ఆధారపడకుండా ఈ ప్రాంతాన్ని కొంతైనా కాచాయని నా నమ్మకం.

ఇంకా లోతైన మార్పు 2022లో, 'నెక్స్ట్ జెన్' అనే కొత్త కారుతో వచ్చింది. అంతకు ముందు పెద్ద టీమ్‌లు తమ ఛాసీని (కారు లోపలి లోహపు చట్రాన్ని), బాడీని తామే తయారుచేసుకునేవి. ఒక్కో డ్రైవర్‌కు పదికి పైగా కార్లు సిద్ధంగా ఉండేవి. కొత్త నియమాల ప్రకారం ఛాసీ, బాడీ ప్యానెళ్ళు, సస్పెన్షన్, గేర్‌బాక్స్ వంటివి నిర్ణీత సరఫరాదారుల దగ్గరే కొనాలి, ఒక్కో కారు నంబరుకు, అంటే ఒక్కో డ్రైవర్‌కు, ఏడు కార్లకు మించకూడదు. దీని వెనుక న్యాయం లేకపోలేదు. ఖర్చు అదుపులో లేకపోతే చిన్న టీమ్‌లు బతకవు. పాత ఒప్పందంలో టీవీ డబ్బులో 65 శాతం ట్రాకులకు, 10 శాతం నాస్కార్‌కు పోగా టీమ్‌లకు మిగిలేది 25 శాతమే. 2025 నుంచి ఏడేళ్ళకు కుదిరిన 770 కోట్ల డాలర్ల కొత్త టీవీ ఒప్పందం ముందు టీమ్‌లు తమ వాటా కోసం అంతగా పోరాడటానికి కారణం అదే. అయితే డేటోనా బీచ్‌లో కూర్చుని రాసిన ఒక నియమం మూర్స్‌విల్‌లో రేకు వంచేవాడి నైపుణ్యాన్ని ఒక్క రోజులో అక్కరలేనిదిగా మార్చింది. ఏ నగర మండలీ ఆ నిర్ణయంలో భాగస్వామి కాదు. ఛాసీలు తయారుచేసే టెక్నీక్ సంస్థ తన యూనిట్‌ను కాంకర్డ్‌లోనే పెట్టడం కొంత ఊరట. ఆ పని ఇంకో రాష్ట్రానికి పోయినా ఎవరూ ఆపగలిగేవారు కాదు.

2024 చివర కనాపొలిస్‌లోని స్టూవర్ట్-హాస్ రేసింగ్ మూతపడింది. అప్పటికి రెండు కప్ ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన టీమ్ అది. మూడు వందల మందికి పైగా పనిచేసే చోటు. మిల్లు మూసినప్పటిలా ఊరు కుప్పకూలలేదు. పది మైళ్ళ దూరంలో ఇంకో టీమ్ ఉంది, దాని పక్కన గేర్లు చేసేవాడున్నాడు, ఆ పక్కన మెడికల్ పరికరాలకో విమానాలకో భాగాలు కోసే సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రాల) షాపు ఉంది. ఒకే వృత్తివాళ్ళు ఒకే చోట పోగవడంలోని బలం ఇదే. షార్లెట్‌లోని యూనివర్సిటీలో మోటార్‌స్పోర్ట్స్ ఇంజినీరింగ్ చదివే పిల్లలు, 2002లో మూర్స్‌విల్‌లో మొదలైన నాస్కార్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివేవారు ఈ పోగులోకే వచ్చి చేరతారు. అందరికీ రేస్ షాపుల్లో పని దొరకదు. ట్రక్కుల డీలర్ల దగ్గర, ఫ్యాక్టరీల్లో దొరుకుతుంది. నా దృష్టిలో అదేమీ నష్టం కాదు. కౌంటీ తన తర్వాతి కోటి డాలర్లను ఎక్కడ పెట్టాలో నన్ను అడిగితే గ్రాండ్‌స్టాండ్ కన్నా ముందు ఆ కాలేజీల లేత్ మిషన్ల వైపు చూపిస్తాను. నన్నెవరూ అడగరనుకోండి.

మా వీధి పెద్దాయన కొత్త కారు వచ్చిన ఏడాదే టీమ్ నుంచి బయటికి వచ్చి, ఇప్పుడు ఒక చిన్న షాపులో వెల్డింగ్ చేస్తున్నారు. పందెం ఆదివారం నాడు ఆయన టీవీ పెట్టరు. పగలంతా పచ్చిక కోసి, సాయంత్రం వరండాలో కూర్చుంటారు. మేముండే చోటికి గాలి వాటం కుదిరితే స్పీడ్‌వే మోత సన్నగా వినిపిస్తుంది. ఏ మలుపులో ఎవరు వేగం తగ్గించారో ఆ మోతను బట్టే ఆయన చెప్పగలరట. సోమవారం సెలవు. మంగళవారం పొద్దున్న ఆరున్నరకు, నేను కాఫీ పెట్టుకునే వేళకు, ఆయన ట్రక్కు వీధి మలుపు తిరుగుతుంది.